సోమనలో మనం తిప్పేసే పుటలు

1992లో అయోధ్యలో మసీదును కూల్చినప్పుడు, అహింస, పరమత సహనం హిందూమతపు సహజ గుణాలనీ, ఆ విధ్వంసం మన సంప్రదాయమే కాదనీ అభ్యుదయవాదులు కూడా రాశారు. ఉద్దేశం మంచిదే. ఆధారమే బలహీనం. వాళ్లు పాల్కురికి సోమనాథుణ్ణి మళ్లీ చదవాలి.

'బసవపురాణం'లో మడివాలు మాచయ్యనూ మాదర చెన్నయ్యనూ అగ్రవర్ణాలకు మిన్నగా నిలిపినందుకు, జాను తెనుగును ద్విపదలో పలికించినందుకు సోమనను కొనియాడతాం. న్యాయమే. ఏకాంత రామయ్య కథ దగ్గరికొచ్చేసరికి పుట తిప్పేస్తాం. రామయ్య జైనులతో పందెం వేసి, తల తెగిన తర్వాత మళ్లీ బతికి, వాళ్ల ప్రతిమల్ని పగలగొడతాడు. తల సంగతి మహిమ అనుకుందాం. ప్రతిమల సంగతి? కర్ణాటకలోని అబ్బలూరు గుడిలో 1200 ప్రాంతపు శాసనం కూడా ఈ కథనే చెబుతుంది. పైగా బిజ్జలుడు రామయ్యకు జయపత్రమిచ్చి, గుడికి ఒక ఊరు దానం చేశాడంటుంది. నాకు కీలకమంతా ఆ ఊళ్లోనే కనిపిస్తుంది. వాదం దేవుళ్ల గురించి. గెలిచిన పక్షానికి దక్కింది ఆదాయం వచ్చే భూమి.

'పండితారాధ్య చరిత్ర'లోనైతే శిష్యులు బౌద్ధాచార్యుణ్ణి చంపేస్తారు. సోమన దృష్టిలో అది నేరం కాదు, భక్తి.

వీరశైవం హిందూమతం కాదని కొందరు తప్పించుకోవచ్చు. సహనపు చిట్టా రాసేటప్పుడు మాత్రం బసవణ్ణను మన ఖాతాలోనే వేసుకుంటాం గదా! మసీదు కూల్చడం తప్పని చెప్పడానికి మన పూర్వులంతా సాత్వికులై ఉండనక్కర్లేదు. కులం మీద తిరగబడ్డ కవే పరమతస్థుడి చావునూ కీర్తించాడని ఒకే వ్యాసంలో రాయడానికి మనకెందుకింత మొహమాటం?