అనేక నేత్రములు - ఒక లోపము

ఎరిక్ రేమండ్ అను అమెరికను ప్రోగ్రామరు 1997లో 'ది కెథీడ్రల్ అండ్ ది బజార్' అను వ్యాసమును జర్మనీలోని ఒక లినక్సు సభలో చదివెను. 1999లో అది పుస్తకముగా వెలువడినది. ప్రోగ్రాము మూలపాఠమును దాచక అందరికిని ఇచ్చి, చూచువారి సంఖ్యను తగినంత పెంచినచో, ఏ లోపమైనను ఎవరో ఒకరికి సులభముగా దొరకునని దాని ముఖ్య ప్రతిపాదన. తాను స్వయముగా నడిపిన ఫెచ్‌మెయిల్ అను ప్రోగ్రామునే ఆధారముగా గైకొనుటచే వ్యాసకర్త మాటకు బలము చేకూరినది, శైలియు చురుకైనది. కాని ప్రతిపాదనను యథాతథముగా అంగీకరించుటకు వీలులేదు. చూడగలవారు వేరు, చూచువారు వేరు. వ్యాసములో ఈ భేదము మరుగున పడినది.

చూచుటను ఒకరి విధిగా చేయు పద్ధతి యొకటి కలదు. పలువురు కలిసి ఒకే ప్రోగ్రామును వ్రాయునపుడు మూలప్రతిని అందరును నేరుగా దిద్దినచో గందరగోళ మేర్పడును. అందుచే ఒక్కొక్కరు దాని నుండి ఒక శాఖను చీల్చుకొని తమ మార్పులను అందులో చేసికొందురు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించిన గిట్ అను సాధనములో శాఖ అనగా పూర్తి నకలు కాదు, ఒకానొక మార్పును చూపు గుర్తు మాత్రమే. దానిని చీల్చుటకు క్షణము చాలును. పిమ్మట వేరొకరు ఆ మార్పులను పంక్తి పంక్తిగా పరిశీలించి సమ్మతించినచో శాఖ మూలప్రతిలో కలియును. దీనినే కోడ్ రివ్యూ అందురు. (జవాబు పత్రమును దిద్దుట వంటిదే ఇది; కాని ఇచ్చట సరియైన జవాబు దిద్దువాని చేతిలోను ఉండదు.)

వెబ్ సర్వర్ల సంభాషణను రహస్యలిపిలోనికి మార్చు ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రాములో 2011 డిసెంబరు 31న ఒక చిన్న చేర్పు జరిగినది. సంబంధము తెగలేదని తెలిసికొనుటకై ఒక యంత్రము కొన్ని అక్షరములను పంపి, వాని సంఖ్యను తెలిపి, వానినే తిరిగి పంపుమని కోరును. అవతలి యంత్రము ఆ సంఖ్యను నమ్మినదేగాని, వచ్చిన అక్షరములు నిజముగా అన్ని కలవా యని లెక్కింపలేదు. నాలుగు పంపి అరువది వేలని చెప్పినచో, తక్కినవి తన స్మృతి నుండి తీసి యిచ్చును. ఒక్కొక్కమారు 64 కిలోబైట్ల వరకు ఇట్లు బయటికి పోగలదు. అందు సంకేతపదములును ఉండవచ్చును. 2012 మార్చిలో విడుదలైన ఈ లోపము 2014 ఏప్రిల్ 7న గాని వెల్లడి కాలేదు. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు వచ్చినది.

రెండేండ్లకు పైగా మూలపాఠము లోకమంతటికిని తెరచియే యున్నది. రేమండ్ ఊహించిన విధానములో లోపము వాడుకరిని బాధించును, అతడు చెప్పును, వేరొకడు దిద్దును. హార్ట్‌బ్లీడ్ వాడుకరిని బాధింపలేదు. సర్వరు ఆగలేదు, నిజము చెప్పినవారికి సరియైన జవాబే వచ్చెను. ఇట్టిదానిని వాడుకరుల సంఖ్య బయటపెట్టజాలదు.

అట్లని సమీక్ష జరుగలేదా? చేర్పును కలుపుటకు ముందు బృందములో ఒకరు పరిశీలించియే యుండిరి. సమీక్షకునికి వ్రాసిన పంక్తులు కనబడును. వ్రాయవలసియుండి వ్రాయనిది కనబడదు. పొడవును సరిచూచు పంక్తి లేకపోవుటయే ఇచ్చటి తప్పు. ఇది పనిచేయునా అని మాత్రమేగాక, అవతలివాడు అబద్ధమాడిన నేమగునని కూడ అడుగవలసియున్నది. అది శ్రమతో కూడిన పని, విసుగు పుట్టించు పని. మంచి ప్రోగ్రాము తన స్వంత అవసరము నుండి పుట్టునని రేమండ్ తన వ్యాసములో తొలి పాఠముగా చెప్పెను. ఇతరులు వ్రాసిన పొడవులను సరిచూచుట ఎవరి స్వంత అవసరము?

తరువాత ఓపెన్ ఎస్ఎస్ఎల్ బృందము ప్రతి మార్పునకును సమీక్షను నియమము చేసినది. 2014 ఏప్రిలులోనే లినక్స్ ఫౌండేషన్ ఇట్టి ప్రోగ్రాముల కొరకు ఒక నిధిని ఏర్పరచెను. అందుండి ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో పూర్తికాలము పనిచేయుటకు ఇద్దరు ప్రోగ్రామర్లకు ధనము మంజూరైనది.