ద్వీపాల ఈగకు జిగణి సాక్ష్యం

బెంగళూరు దక్షిణాన జిగణి అనగానే ఫ్యాక్టరీలు, లారీలు గుర్తొస్తాయి. కానీ ఈ ఆనేకల్ ప్రాంతంలో రాగి చేలు ఇంకా ఉన్నాయి, వాటి మధ్య అనప సాళ్లూ ఉన్నాయి. అనప లేత కొమ్మలకు నల్ల పేనుబంక పట్టిందంటే, వెనకాలే సిర్ఫిడ్ ఈగ వస్తుంది. గాలిలో ఒకచోటే నిలిచి, చటుక్కున పక్కకు జరిగి, మళ్లీ నిలుస్తుంది. పొట్ట మీది పసుపు, నలుపు పట్టీలు చూసి కందిరీగేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంటాం. అది కుట్టదు. కుట్టేదాని వేషం వేసుకుని పక్షుల నుంచి తప్పించుకుంటుంది.

దక్షిణాది చేలల్లో ఎక్కువగా కనిపించే సిర్ఫిడ్‌లలో ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్ ఒకటి. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1805లో దీనికి పేరు పెట్టాడు. ఆయనకు అందిన నమూనా అప్పటి డేనిష్ స్థావరమైన తరంగంబాడిది. ఈ కోరమాండల్ తీరపు ఈగే పసిఫిక్ మహాసముద్రంలోని మైక్రోనేషియా ద్వీపాల్లోనూ నమోదైంది. ఏ ఖండంతోనూ ఎన్నడూ కలవని ద్వీపాలకు పురుగులు గాలివాటున ఎగిరైనా చేరాలి, ఓడల్లో మొక్కలతోనైనా చేరాలి. కాబట్టి ద్వీపంలో ఒక ఈగ దొరికితే రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ఏ జాతి? ఎక్కడిది? మొదటిది తేలకుండా రెండోదానికి జవాబు లేదు.

తేల్చే పద్ధతి పాతదే. వలతో పట్టిన ఈగను ఇథైల్ ఎసిటేట్ ఆవిరితో చంపి, ఛాతీలో నడిమి గీతకు కాస్త కుడిపక్కన సన్నని సూది గుచ్చుతారు. అలా చేస్తే ఒక పక్క దెబ్బతిన్నా రెండో పక్క గుర్తులు చెక్కుచెదరవు. సూదికే చీటీ తగిలిస్తారు. ఊరు, తేదీ, పట్టినవారి పేరు, ఏ మొక్క మీద దొరికిందో దాని మీద రాస్తారు. ఆ చీటీ లేని ఈగ ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

తర్వాతి పని సూక్ష్మదర్శినిది. రెక్కలు రెండే ఉంటే ఈగ, నాలుగుంటే తేనెటీగో కందిరీగో. రెక్క నడుమ, రెండు అసలు ఈనెల మధ్య, ఏ కొసా దేనికీ అతకని దొంగ ఈనె ఒకటి కనిపిస్తే అది దాదాపు ఖాయంగా సిర్ఫిడ్ కుటుంబం. ప్రపంచంలో ఆరు వేల దాకా జాతులున్న కుటుంబమిది. భారత్‌లోనే మూడు వందలకు పైగా నమోదయ్యాయి.

అక్కడి నుంచి దారి ఇరుకవుతుంది. తల వెనక ఉన్న భుజపు బుడిపెల మీద వెంట్రుకలు లేకపోతే సాధారణంగా సిర్ఫినే ఉపకుటుంబం. పేనుబంకను తినే పిల్లపురుగులు ఎక్కువగా వీటివే. వెంట్రుకలుంటే కుళ్లులోనో మురికి నీళ్లలోనో పెరిగే పిల్లపురుగులున్న ఎరిస్టాలినే వైపు చూడాలి. హవాయి, సీషెల్స్ ద్వీపాలకు పాకిన ఆకుపచ్చ మెరుపుల ఆర్నీడియా ఒబీసా ఆ గుంపుదే. అది అమెరికా ఖండాల ఉష్ణప్రాంతం నుంచి వచ్చిన వలసదారు.

మన అనప చేని ఈగ ఛాతీకి రెండు పక్కలా నిగనిగలాడే పసుపు చార ఉంటుంది. అయితే స్ఫెరోఫోరియా ప్రజాతి ఈగలకూ అలాంటి చారే ఉంటుంది. అందుకే మగదాన్ని తిరగేసి వెనక కాలి మొదలు చూస్తారు. అక్కడ పొడుగాటి ముల్లు ఉంటే ఇస్కియోడాన్. ఆస్ట్రేలియా, పసిఫిక్ ద్వీపాల్లో తిరిగే సైమోసిర్ఫస్ గ్రాండికార్నిస్ దీనికి బాగా దగ్గరి పోలిక, కానీ దాని మగదానికి ఆ ముల్లు లేదు. ఆడవాటికి రెండింటిలోనూ ముల్లు ఉండదు కనుక చిక్కంతా అక్కడే. కొందరు పరిశోధకులు ఇస్కియోడాన్‌ను సైమోసిర్ఫస్‌లోనే కలిపేశారు. ఒక్క ముల్లు ప్రజాతిని వేరుచేసేంత గట్టి సాక్ష్యమా అన్నదే పరిశోధకుల మధ్య తగువు.

ఇక రంగును నమ్మలేం. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనే దగ్గరి బంధువు ప్యూపా దశలో చలికి గురైతే, బయటికొచ్చే ఈగ పట్టీలు నల్లబడతాయి. ఒకే జాతి ఒక ఊళ్లో చలికాలం ఒకలా, వేసవిలో మరోలా కనిపించవచ్చు. ద్వీపంలో కాస్త నల్లగా ఉందని కొత్త జాతి ప్రకటిస్తే, అది వాతావరణానికి పెట్టిన పేరు కావచ్చు. అందుకే మగ జననాంగాల ఆకారం చూస్తారు. ఇప్పుడు 658 అక్షరాల డీఎన్ఏ బార్‌కోడ్‌నూ పోల్చి చూస్తున్నారు. అయితే బార్‌కోడ్ తేడా చూపుతుందే గానీ, ఆ తేడా ఏ పేరుకు చెందుతుందో చెప్పదు. అందుకు పేరు పెట్టిన తొలి నమూనాతో, దాని పుట్టినచోటి ఈగలతో పోల్చాల్సిందే.

ఇక్కడే నమూనాలను పేరుతో సహా పదిలపరిచే బెంగళూరు సంప్రదాయం విలువ తెలుస్తుంది. 1923లో బ్రునెట్టి రాసిన 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' సంపుటం మన సిర్ఫిడ్‌లకు తొలి పెద్ద పుస్తకం. ఆ పనిని దశాబ్దాల పాటు ముందుకు నడిపినవారిలో కుమార్ ఘోర్పడే ముఖ్యులు. ఆయన మైసూరు సంస్థానపు తొలి కీటక శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్ పేరిట 'కోల్‌మానియా' పత్రికను నడిపి, ఉపఖండపు జాబితాను సరిచూశారు. హెబ్బాళ్‌లోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం నమూనాలను పదిలపరుస్తున్నాయి.

రైతుకు దీని లాభం నేరుగా అందుతుంది. ఒక్కో పిల్లపురుగు ఎదిగేలోపు వందల పేనుబంకలను తింటుంది. కాళ్లూ కళ్లూ లేని ఆ పచ్చని పురుగును శత్రువనుకుని మందు కొడితే నష్టం మనకే.

దూరపు ద్వీపాల ఈగ, మన ఈగ ఒకటేనా, లేక ఒకే పేరు కింద రెండు జాతులు దాగాయా అన్న ప్రశ్నకు ద్వీపంలో ఎంత వెతికినా సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం తరంగంబాడి నుంచి జిగణి దాకా ఉన్న చేలల్లో, చీటీతో సూదికెక్కిన మామూలు ఈగల్లో ఉంది. అరుదైనదాన్ని వెతికేవారు చాలామంది ఉంటారు. మామూలుదాన్ని ఏటా పట్టి, తేదీ రాసి దాచేవారు ఉంటేనే ఆ వెతుకులాటకు అర్థం.