కార్తెల లెక్క, కాగితం లెక్క

తొలకరి పడి ఎర్రనేల తడిసిందంటే చాలు, ఏడాదంతా మట్టిలో దాక్కున్న ఆరుద్ర పురుగు మఖమల్ ముక్కలా పైకొస్తుంది. అది కనబడితే విత్తనాలకు అదును వచ్చిందని రైతు లెక్క. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ఇంకా ఊళ్లుగా ఉన్న రోజుల్లో ఇక్కడి చేలలోనూ ఆ లెక్కే నడిచింది.

ఆ లెక్కలో ఒక ఒడుపు ఉంది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. మృగశిర జూన్ 8కి, ఆరుద్ర జూన్ 22కి అటూ ఇటూగా మొదలవుతాయి. తిథుల్లాగా ఏటేటా జరిగిపోవు. అందుకే ‘మృగశిరలో రావాల్సిన పురుగు పునర్వసు దాకా రాలేదు’ అని ఓ ముసలాయన అన్నాడంటే, వాన ఎన్నాళ్లు వెనకబడిందో చెప్పేసినట్టే. వాతావరణం మారడాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు. కాకపోతే అది ఏ ఏటి మాటో, ఏ చేని మాటో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ చేలు ప్లాట్లయ్యాయి. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. బతుకమ్మకు గునుగు, తంగేడు ఏ గట్టున దొరుకుతాయో తెలిసిన ఆడవాళ్లు ఇప్పుడు పూలు మార్కెట్లో కొంటున్నారు. ఏ గట్టున ఏ ఏడు పూలు ఆగిపోయాయో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

చూడటం మనకు కొత్త కాదు, రాయడమే కొత్త. రాయడంలోనూ పద్ధతి ఉంది. నీళ్ల మీదికి వంగిన ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లనే తీసుకోండి. ఇరవై గూళ్లుంటే ఇరవై జంటలని రాసేస్తే తప్పు. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది, ఆడది వచ్చి చూసి ఒప్పుకుంటేనే కింది గొట్టం దాకా పూర్తి చేస్తుంది. నచ్చకపోతే అది అలాగే మిగిలిపోతుంది. కాబట్టి సగం గూళ్లు వేరు, గొట్టం దిగిన గూళ్లు వేరుగా లెక్కపెట్టాలి. పచ్చగా ఉన్నది కొత్తది, ఎండి గోధుమరంగుకు తిరిగినది పాతది. ఇంత చూసి రాసిన నాలుగు అంకెలు, ‘గూళ్లు బాగా ఉన్నాయి’ అన్న నాలుగు పేజీల కంటే విలువైనవి.

కొంగల గుంపు లేస్తే ఒక్కొక్కటీ లెక్కపెట్టలేం. ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకుని, గుంపంతటినీ ఆ కొలతతో కొలవాలి. దీనికంటే ముఖ్యమైనది, చాలామంది వదిలేసేది మరొకటుంది: తేదీ, చోటు, ఎంతసేపు చూశామన్నది, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాశామా లేదా అన్నది. పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ లాంటి వేదికలు అడిగేది ఇదే. జాబితా పూర్తిదైతే అందులో లేని పక్షి ఆ పూట మనకు కనబడలేదని అర్థం. ఎన్ని జాబితాల్లో కనబడింది, ఎన్నింటిలో లేదు అన్న నిష్పత్తి ఏళ్ల తరబడి పోగైతేనే పెరుగుదలో తరుగుదలో తేలుతుంది. అరుదైన పక్షి ఫొటో కోసం వంద కిలోమీటర్లు పోయేవాళ్ల కంటే, ఒకే చెరువుకు వారం వారం పోయి కాకులనూ పావురాలనూ కూడా రాసేవాళ్లే నా దృష్టిలో గొప్ప.

దసరా నాడు పాలపిట్టను చూడాలన్నది మన ఆచారం, అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు రాసిన మూడు కోట్ల నమోదులతో 2023లో వచ్చిన దేశవ్యాప్త నివేదిక, గత పన్నెండేళ్లలో పాలపిట్ట దాదాపు 30 శాతం తగ్గిందని లెక్కతేల్చింది. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించే పాలపిట్ట మాత్రం ఏ జాబితాకూ పనికిరాదు. పైగా అలా పట్టి ఉంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఊరివాళ్ల చూపును నమ్మితే ఏమొస్తుందో కడప జిల్లా చెబుతుంది. కలివికోడి 1900 తర్వాత కనబడలేదని, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడిగారు. 1986 జనవరిలో ఓ స్థానిక వేటగాడే రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడటానికి ఆ పక్షే కారణం.

ఇలాంటి తెలివిడిని కాగితం మీద పెట్టమని చట్టమే చెబుతోంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి. స్థానికులను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడమే దాని ముఖ్యమైన పని. 2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగింది మన హైదరాబాద్‌లోనే. అయినా దేశంలో చాలాచోట్ల రిజిస్టర్లు కదిలింది, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, దాటితే జరిమానా తప్పదన్నాకే. గడువు కోసం నింపిన పుస్తకంలో ఊరి గొంతు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. మూసీ ఒడ్డున పశువుల గడ్డి కోసేవాళ్లను, చెరువులో వల వేసేవాళ్లను, కల్లుగీసేవాళ్లను కూర్చోబెట్టి అడగందే అది రిజిస్టర్ కాదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, ఒక్క జాబితాకు పావుగంట చాలు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున్నే ఉప్పల్ నల్ల చెరువుకో, నాచారం పెద్ద చెరువుకో ఓ నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. ఇంట్లో తాతో అమ్మమ్మో ఉంటే వెంట తీసుకెళ్లి, ఇదివరకు ఇక్కడ ఏముండేవో అడిగి అదీ రాయండి, పక్కన తేదీ వేయండి.