మెట్రో రైలు ఏ జంతువు?

లండన్ అండర్‌గ్రౌండ్ రైలు పెద్ద వానపాము. బిగ్ బెన్ గడియారం కోడిపుంజు. విమానం ఎగిరే ఏనుగు. గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ ‘లండన్ జంగిల్ బుక్’లో చూపిన ఊరు ఇది. రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లిన ఆయన అనుభవాలను చెన్నైలోని తారా బుక్స్ 2004లో పుస్తకంగా తెచ్చింది.

ఇందులో కట్టుకథ లేదు, ఒక మనిషి కళ్లారా చూసిన ఊరు ఉంది. చిన్న తరగతుల డ్రాయింగ్ టీచర్లకు ఇది బంగారం లాంటి పాఠం.

హైదరాబాద్‌లోని సైబరాబాద్ పిల్లల చుట్టూ కూడా ఇలాంటి బొమ్మలకు సరుకు బోలెడుంది: 1998 నాటి సైబర్ టవర్స్, 2019లో రాయదుర్గం దాకా వచ్చిన మెట్రో, 2020లో దుర్గం చెరువుపై తెరిచిన తీగల వంతెన. ‘ఈ తీగలు ఏ పక్షి రెక్కలు?’ అని టీచరు అడిగితే, జవాబు కోసం పిల్లలు ముందు వంతెనను సరిగ్గా చూడాలి. స్తంభాలెన్ని? తీగలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయి?

ఆ తర్వాత చేతిపని. పెన్సిల్‌తో రూపురేఖ, దానిపై నల్ల స్కెచ్‌పెన్ను, లోపలంతా చుక్కలు, చిన్న చిన్న గీతలు. గోండు కళాకారుల్లో ఒక్కొక్కరికీ తమదైన చుక్కల, గీతల వరస ఉంటుంది. అందుకే మంచి టీచరు బోర్డు మీద బొమ్మ గీసి దించమనరు, ఎవరి వరస వాళ్లనే కనిపెట్టమంటారు. ఒకరి మెట్రో జెర్రి అయితే, పక్కవారిది కొండచిలువ. రెండూ తరగతి గోడకెక్కాల్సినవే!