హాబీల గడి

కిందటేడు మా మేనల్లుడు సివిల్స్ ప్రిలిమ్స్ గట్టెక్కి, ఆ వారంలోనే లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. డాఫ్ నింపాలట. డిటైల్డ్ అప్లికేషన్ ఫామ్‌కి సివిల్స్ రాసే పిల్లలు వాడే పొట్టిపేరు. ఊరు, చదువు, చేసిన ఉద్యోగాలు, ఆటలు, బహుమతులు, హాబీలు... అన్నిటికీ గళ్లున్నాయి.

"రాసేవాడివి కదా మామయ్యా, కాస్త మెరుగు పెట్టు" అన్నాడు.

ఆ మెరుగు అన్న మాట వింటే నాకిప్పటికీ గుబులే. 1992లో టైపిస్టు పోస్టుకి దరఖాస్తు పెట్టాను. టైపు లోయర్ అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అంటే 45. లోయర్ ఎప్పుడో పాసయ్యాను. హయ్యర్ పరీక్ష రాశాను, బాగా రాశాను కూడా. ఫలితం రావడమే తరువాయి. వస్తుందిలే అనుకుని దరఖాస్తులో 'హయ్యర్ పాస్' అని రాసేశాను. వచ్చింది కూడా, ఫస్ట్ క్లాసులో. సర్టిఫికెట్ల పరిశీలన రోజున రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఓ పెద్దాయన నా మెమోని, నోటిఫికేషన్‌ని పక్కపక్కన పరిచి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, రెండు తేదీల మీదా రెండు వేళ్లు ఆనించాడు. పదకొండు రోజుల తేడా.

"నీకు టైపు రాదనడం లేదు బాబూ. ఆ తేదీకి వచ్చినట్టు కాగితం లేదంటున్నాను" అన్నాడు.

చాలా ఏళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టబుద్ధి కావడం లేదు. కంపెనీకి పంపే రెజ్యూమె పెళ్లిచూపుల ఫొటో లాంటిది. కాస్త పౌడరు రాసుకున్నా ఎవరూ ఏమీ అనరు. సర్కారు దరఖాస్తు కోర్టులో ఇచ్చే వాంగ్మూలం. పైన రాసినవన్నీ నిజమేనని కింద మన చేతే రాయించుకుంటారు. పేరు టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే ఉండాలి. అందులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, డిగ్రీలో పూర్తిగా విప్పి ఉంటే ఇక నోటరీ దగ్గరికి పరుగే. లోకల్ అభ్యర్థి అనిపించుకోవాలంటే బడి బోనఫైడ్‌లు తేవాలి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాక ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివామన్నదే లెక్క. మూతపడిన ప్రైవేటు బడి హెడ్మాస్టరు ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన పిల్లల్ని నేనెరుగుదును. గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరా సంతకం కోసం గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడే పని మాత్రం తప్పింది. కేంద్రం 2014లో మన సంతకం మనమే పెట్టుకోమంది.

చాలా ఉద్యోగాలకి ఇప్పుడు కాగితం ఒక్కటే మాట్లాడుతుంది. 2016 జనవరి నుంచి కేంద్రంలో గ్రూప్ సి పోస్టులకీ, గ్రూప్ బిలో నాన్ గెజిటెడ్ వాటికీ ఇంటర్వ్యూలు ఎత్తేశారు. తెలంగాణ 2022లో గ్రూప్-1కీ ఎత్తేసింది. సివిల్స్‌లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంకా ఇంటర్వ్యూ గదిలోనే ఉన్నాయి. ఆ గదిలో బోర్డు వాళ్ల ముందుండేది ఈ డాఫే.

మావాడు హాబీల గడిలో 'పుస్తక పఠనం, ప్రయాణాలు' అని కొట్టాడు.

"చివరగా చదివిన పుస్తకం ఏదిరా?"

"లక్ష్మీకాంత్, పాలిటీ."

"ప్రయాణం?"

నవ్వేశాడు. గుంటూరు నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి గుంటూరు.

వాళ్ల నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తా. వీడు పదేళ్లప్పటి నుంచీ సెలవులన్నీ అక్కడి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మధ్యే గడిపాడు. గుప్పెడు కాయలు తీసి గలగలలాడించి, ఒకటి విరిచి, తేమ ఎంతుందో చెప్తాడు. తేజ ఏదో, బ్యాడిగి ఏదో కళ్లు మూసుకుని వాసనతో పడతాడు. రంగు పోయిన తాలు కాయ కింద దాచి పైన ఎర్రకాయ పేర్చిన టిక్కీ వాడి దగ్గర సాగదు. అది రాయరా అన్నాను.

"అది హాబీ కాదు మామయ్యా, పని" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నిజమే కదా. పొద్దున్నే ఘాటుకి తుమ్ముతూ చేసిన చాకిరీని ఇష్టంగా చేశానని రాయించడం కూడా మెరుగు పెట్టడమే. నా హయ్యర్ పాస్ కన్నా పెద్ద అబద్ధం. ఇద్దరం ఆ గడి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. ఆఖరికి 'పాత రేడియోలు బాగుచేయడం' అని కొట్టాడు. అది నిజం. మా అటక మీది మర్ఫీ వాడి పుణ్యాన ఇప్పటికీ పాడుతోంది.

మొన్న ఇంటర్వ్యూ అయ్యాక ఢిల్లీలోని యూపీఎస్సీ ఆఫీసు, ధోల్‌పూర్ హౌస్ బయటినుంచే ఫోన్ చేశాడు. రేడియో ఊసే ఎత్తలేదట. బీటెక్ అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉందే, ఏం చేశావని అడిగారట. నాన్నకి గుండె ఆపరేషన్ అయితే కొట్లో కూర్చున్నానని చెప్పాడట. ఇక అక్కణ్నుంచి పావుగంట కోల్డ్ స్టోరేజీలు, ధరలు, తాలు కాయ.

"ఎలా చెప్పావురా?"

"తుమ్మొచ్చింది మామయ్యా మధ్యలో" అన్నాడు.

ఫలితాలు ఇంకా రాలేదు.