బరిలో నాగమ్మ, చాప మీద బ్రహ్మనాయుడు

మా వైపు నలుగురిలో గట్టిగా మాట్లాడే ఆడపిల్లను చూసి 'అబ్బో, నాయకురాలు నాగమ్మ!' అంటారు. మెచ్చుకుని అనే మాట కాదది. అదే పిల్ల పెళ్లయ్యాక కష్టం దిగమింగి, మొగుడికి ధైర్యం చెప్పి గడప దాటిస్తే 'మగువ మాంచాల' అంటారు. ఒకటి తిట్టు, ఒకటి దీవెన. రెండు పేర్లూ ఒకే కథలోవి. ఆడది ఎట్లా ఉండాలి, మగవాడు ఎట్లా ఉండాలి అని పల్నాడు తరతరాలుగా చెప్పుకున్న కథల్లో పల్నాటి వీరగాథంత నేర్పుగా అల్లినది ఇంకొకటి నాకు తెలియదు. కథలో న్యాయం ఎవరి పక్షాన ఉందో తేల్చడం నా పని కాదు. ఆ అల్లికలోని పనితనం చూపించాలని నా ఆశ.

కథ చాలామందికి తెలిసిందే. 12వ శతాబ్దం చివరి భాగం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, సవతి అన్నదమ్ములు. ఆయన వెనక నాగమ్మ, ఈయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస, రాజ్యం తిరిగి అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు చావు, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. దీన్ని పాటగా పాడే వీరవిద్యావంతులు నోటితో కాపాడారు. శ్రీనాథుడి పేరుతో ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని జీన్ రోగేర్ అనే అమెరికన్ పండితుడు ఇంగ్లిషులోకి తెచ్చి, 1982లో పుస్తకంగా వెలువరించాడు.

ఇక పనితనం సంగతి.

కోడిపందెం బరి ఎవరిది? పల్నాడులో ఎవరిని అడిగినా మగవాళ్లదే అంటారు. పందెం కాయడం, మీసం మెలేయడం, ఓడితే తల దించుకోవడం, అన్నీ మగవాళ్ల వ్యవహారాలే. కథ ఆ బరిలోకి ఒక ఆడమనిషిని దించింది, అందులోనూ చిన్నతనంలోనే భర్త పోయిన మనిషిని. ఊరు పొద్దున్నే ఎదురు రాకూడదనుకునే మనిషి బరిలో కోడిని వదిలి రాజ్యం గెలుచుకుంది. మరి వంట, వడ్డన, పంక్తి ఎవరివి? ఆడవాళ్లవి. కథ ఆ పంక్తి దగ్గర బ్రహ్మనాయుణ్ణి నిలబెట్టింది. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన 'చాపకూడు' ఆయన పేరును నిలబెట్టింది. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడాయన. అంటే ఆడమనిషికి కీర్తి బరిలో వచ్చింది, మగమనిషికి అన్నం దగ్గర వచ్చింది. రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలిపిన కథకుడు ఇద్దరి పనులనూ మార్చేశాడు. ఎక్కడా ఎత్తి చెప్పకుండా, వినేవాడికి అనుమానమైనా రాకుండా చేశాడు. పెద్ద పనివాళ్లకే చేతనయ్యే మెలకువ ఇది.

పేర్లలో కూడా ఈ ఎదురుబొదురు ఉంది. నాయకుడు అనే మాటే అరిగి నాయుడయింది. నాయకురాలూ ఆ మాటే. ఇద్దరిదీ ఒకే బిరుదు. కానీ ఆయన విషయంలో అది పేరులో కలిసిపోయి వంశానికి గుర్తయింది. ఆమె విషయంలో పదవిగానే మిగిలింది. పేరు వెనక తండ్రి లేడు, మొగుడు లేడు, చేసిన పనే ఉంది. తెలుగు కథల్లో ఇట్లా పనితో పిలిపించుకున్న ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ పదవి ఆమెకు వచ్చిన తీరు ఇంకా బాగుంటుంది. ఎండలో అలసి వచ్చిన నలగాముడి తండ్రి అనుగురాజుకు నీడ, నీళ్లు, భోజనం ఏర్పాటు చేసింది. ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. ఆడవాళ్లు అడుగుతారని లోకం అనుకునేవి, అంటే నగలు, చీరలు, మాన్యాలు ఆమె అడగలేదు. ఏడు గడియల మంత్రిత్వం అడిగింది. గడియకు 24 నిమిషాల లెక్కన మూడు గంటలైనా నిండని అధికారం. ఇంత కొంచెం అడిగిందని వినేవాడు నవ్వుకునేలోపు, ఆ కొంచెంలోనే ఆమె ఎంత పని చేయగలదో కథ చూపిస్తుంది. అతిథికి అన్నం పెట్టడమనే ఆడపని నుంచి రాజ్యం నడపడమనే మగపని దాకా ఒక్క అంగలో తీసుకెళ్లిన ఘట్టం అది. నాకు కథ మొత్తంలో ఇష్టమైన మలుపు ఇదే.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి దగ్గరికొస్తే మగవాళ్ల మీద ఉన్న బరువు కనిపిస్తుంది. అవతల తండ్రి యుద్ధభూమిలో ఉన్నాడు, ఇవతల కొడుకు బొంగరాలాడుతున్నాడు. బొంగరం వెళ్లి ఒక ఆడపిల్ల కాలికి తగిలింది. ఆ పిల్ల అన్న మాట ఏమిటి? నీవాళ్లంతా రణంలో ఉంటే నీకు ఆటలా అని. అంతే. ఆ మాట తర్వాత ఆ కుర్రవాడికి బతకడానికి దారి లేదు. 'తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు' అనే సామెతలో రెండో సగం వాడి మెడకు చుట్టుకుంది. తల్లి ఐతమ్మ ఆపాలని చూసింది, ఆగలేదు. ఆగితే మగవాడు కాడు. భార్య మాంచాల దగ్గరికి వెళ్లాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ముఖం చూపని భర్త, శ్యామాంగి అనే వేశ్య ఇంట కాలం గడిపిన భర్త, చావుకు పోతూ మొదటిసారి గడప తొక్కాడు. ఆమె కోపం చూపించవచ్చు, కన్నీళ్లతో కట్టి పడేయవచ్చు. కత్తి చేతికిచ్చి పంపింది.

ఈ రెండు దృశ్యాలనూ కథకుడు పక్కపక్కన పేర్చిన తీరు చూడండి. వాణ్ణి ఆటలోంచి లేపింది ఆడపిల్ల మాట, రణానికి సాగనంపింది ఆడపిల్ల చెయ్యి. యుద్ధం చేసేది మగవాళ్లు, చచ్చేది మగవాళ్లు, కానీ ప్రతి మలుపు దగ్గరా ఆడమనిషే నిలబడి ఉంది. అలరాజు చనిపోయినప్పుడు పేరమ్మ ఉంది. నలగాముడి కూతురు, అవతలి పక్షానికి కోడలు. తండ్రి దగ్గరికి రాయబారం వెళ్లిన భర్తను పోగొట్టుకుంది. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ఆమె దుఃఖంలోనే కలిశాయి. ఆమెను మంటల్లోకి పంపడం తప్ప ఇంకో దారి చూపనందుకు మాత్రం నాకు ఈ కథ మీద ఇప్పటికీ కోపమే.

ఛందస్సు కూడా ఈ పనికి తగ్గట్టే కుదిరింది. ద్విపదలో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ప్రాస వదిలేస్తే మంజరి అవుతుంది, ఈ కావ్యం నడిచింది అందులోనే. ప్రాస బంధం లేకపోవడంతో మాట ఆగదు, వాదన సాగుతుంది, తల్లీకొడుకులు మాట్లాడుకుంటే మాట్లాడుకున్నట్టే ఉంటుంది. పాటలో అయితే పంబ మోగుతుండగా ఒకే గాయకుడు అందరి మాటలూ పలుకుతాడు. నాగమ్మ ఎత్తుగడ, ఐతమ్మ బతిమాలడం, మాంచాల నిబ్బరం అన్నీ ఒక మగ గొంతులోంచే రావాలి. ఆడవాళ్ల మనసులోకి అంత లోతుగా దిగకపోతే ఆ గొంతు నిలవదు. వీరవిద్యావంతులు అక్షరం ముట్టనీయని కాలంలోనూ ఈ విద్యను చేతులు మార్చుకుంటూ తెచ్చిన మాల గాయకులు. తెలుగువాళ్లం వాళ్లకు పడిన బాకీ పెద్దది.

ఇంత చేసిన కథే తీర్పు దగ్గర మాత్రం పాత దారి పట్టింది. బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, నాగమ్మ చేస్తే కపటం. కోడిపందెంలో ఆమె గెలుపును కూడా మోసమనే చెప్పుకుంటారు. నలగాముడికి పడిన పెద్ద నింద ఆడదాని మాట విన్నాడనే. భర్త యుద్ధానికి ధైర్యమిచ్చిన మాంచాలకు మొక్కిన జనమే, తన రాజ్యానికి తానే ధైర్యమైన నాగమ్మను తిట్టుగా మార్చుకున్నారు. పాడేవాళ్ల మనసు మాచర్ల వైపు ఉంది, నిజమే. అయినా వాళ్లు నాగమ్మ నోట పేలవమైన మాట పెట్టలేదు, ఆమె తెలివిని తగ్గించలేదు. వాళ్ల తీర్పును కాదనడానికి కావలసిన సాక్ష్యమంతా వాళ్లే పాటలో దాచి మనకు అందించారు. ఆ నిజాయితీ ముందు నేను తల వంచుతాను.

నటులు ఈ సంగతి ముందే పసిగట్టారు. 1947 'పల్నాటి యుద్ధం' సినిమాలో నాగమ్మ కన్నాంబ, 1966లో భానుమతి. తమ కాలంలో తిరుగులేని నటీమణులిద్దరూ చేసింది మాంచాల వేషం కాదు.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఐదు రోజులు. నరసరావుపేట మీదుగానో, మాచర్ల మీదుగానో ఈసారి వెళ్లండి. మీ ఇంటి ఆడపిల్లనూ మగపిల్లవాణ్ణీ వెంట తీసుకెళ్లండి. నాలుగో రోజు, కోడిపోరు నాడు, నాగమ్మ మాట్లాడే చోట కాసేపు ఓపిగ్గా వినండి.