పంచమం నీడలో మోహన

సంక్రాంతి సెలవుల్లో పాలకొల్లు వెళ్లినప్పుడు, మా అక్క ఇంటి మేడగదిలో మేనల్లుడు ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని లూపర్‌కి తగిలించి కూర్చున్నాడు. ముందు షడ్జం ఒక్కటే మీటుతూ ఆదితాళం ఒక ఆవర్తనం నడిపాడు. సరిగ్గా సమం దగ్గర కాలితో పెడల్ నొక్కాడు. ఆ షడ్జం తనంతట తానే తిరగసాగింది. ఇంకో పెడల్ కూడా వేశాడు. ఇక వాడు ఏ స్వరం పలికిస్తే దానికి పైన పంచమం తోడొస్తోంది. మోహన ఎత్తుకున్నాడు. షడ్జం బాగుంది, రిషభం ఇంకా బాగుంది. గాంధారం మీద నిలిచేసరికి పాయసంలో రాయి తగిలినట్టయింది.

"మావయ్యా, మిషన్ తప్పా, నా వేలు తప్పా?" అన్నాడు వాడు.

మిషనూ సరిగ్గానే ఉంది, వేలూ సరిగ్గానే ఉంది. తేడా అంతా రాగం లెక్కలో ఉంది. పిచ్ షిఫ్టర్ అనే ఆ పెట్టె వచ్చిన స్వరాన్ని ఏడు స్వరస్థానాలు పైకి జరుపుతుంది, అంతే. అది ఏ రాగమో దానికి తెలియదు. షడ్జం పంచమం అవుతుంది, రిషభం ధైవతం అవుతుంది, పంచమం పై రిషభం, ధైవతం పై గాంధారం అవుతాయి. ఈ నాలుగూ మోహన స్వరాలే. గాంధారం మాత్రం కాకలి నిషాదం దగ్గర తేలుతుంది. మోహనలో నిషాదమే లేదు. పంచమానికి బదులు మధ్యమం తోడు పెట్టుకుంటే, అంటే అయిదు స్థానాలు జరిపితే, గాంధారానికి ధైవతం చక్కగా కుదురుతుంది కానీ షడ్జమే శుద్ధ మధ్యమమై అన్యస్వరంలో పడుతుంది. కల్యాణిలో పంచమం తోడు పెడితే ఒక్క ప్రతిమధ్యమం దగ్గరే చిక్కు, అది శుద్ధ రిషభాన్ని లాక్కొస్తుంది. శంకరాభరణంలో ఆ చిక్కు నిషాదం దగ్గర వస్తుంది.

కాబట్టి పెడల్ కొనేముందు చేయవలసిన పని ఒకటుంది. కాగితం మీద రాగస్వరాలు వరసగా రాసుకుని, ఏ స్వరానికి ఏ తోడు పడుతుందో కింద రాసుకోవాలి. ఏ స్వరం దగ్గర కాలు ఎత్తేయాలో ఆ కాగితమే చెబుతుంది. గ్రహభేదం నేర్చుకున్న పిల్లలకి ఇది పది నిమిషాల పని.

స్వరానికి స్వరం తోడు పలకడం గోదావరి జిల్లాల చెవికి కొత్తేం కాదు. పద్యనాటకం హార్మోనియంలో కప్లర్ ఉంటుంది. అది వేస్తే ఒక మెట్టు నొక్కగానే దాని పై స్థాయి మెట్టు కూడా దానంతటదే దిగుతుంది. ఒక వేలికి రెండు స్థాయిలు. నటుడు రాగం తీస్తూ తారస్థాయికి వెళ్లినప్పుడు ఆ జంటనాదమే వెనకనుంచి ఎత్తిపడుతుంది. 1975లో అమెరికాలో ఈవెంటైడ్ కంపెనీ హెచ్910 హార్మనైజర్‌ని అమ్మకానికి పెట్టి, ఏ స్వరాన్నైనా పైకో కిందికో జరిపే వీలు స్టూడియోలకి ఇచ్చింది. ఇప్పుడది కాలికింద పట్టే డబ్బీలోకి వచ్చేసింది.

పాలకొల్లులో కూర్చుని మాండొలిన్ గురించి మాట్లాడుతూ శ్రీనివాస్‌ని తలుచుకోకుండా ఎలా? ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న ఈ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ని ఆరేళ్లకే చేతిలోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. గొంతులోని గమకం అలా నేరుగా తీగలోకి దిగింది. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే ఠక్కుమని ఆరిపోయే నాదం అది. శ్రీనివాస్ జతలు తీసేసి, అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. నాదం నిలిచింది, నిలిచిన నాదంలో జారు, కంపితం పలికాయి.

1995లో రియల్ వరల్డ్ సంస్థ తెచ్చిన 'డ్రీమ్' ఆల్బంలో ఆయనతో కలిసి పనిచేసిన కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్, గిటార్ నాదం ఆరిపోకుండా ఎంతసేపైనా సాగేలా 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసిన మనిషి. ఇద్దరికీ అక్కర ఒకటే: ఆరిపోని నాదం. 2014 సెప్టెంబర్ 19న శ్రీనివాస్ వెళ్లిపోయేనాటికి ఆయనకి నలభై అయిదేళ్లు. ఆ వయసు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మళ్లీ పెట్టె దగ్గరకొద్దాం. పిచ్ షిఫ్టర్ నాదాన్ని సన్నసన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ వేగంగా వినిపిస్తుంది. వేగం పెరిగితే స్వరం పైకెళ్తుంది కానీ కాలం తరుగుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి కొన్ని ముక్కల్ని మళ్లీ వాడుతూ, అతుకు కనబడకుండా అంచు మీద అంచు పరుస్తుంది. తాటాకు పాక కప్పు నేసినట్టే. అందుకే తోడు స్వరం ఒక్క పిసరు ఆలస్యంగా వస్తుంది, మీటు దెబ్బ కాస్త నలుగుతుంది. గట్టిగా మీటే సంగతుల కన్నా నెమ్మదిగా సాగే స్వరాల మీద ఈ తోడు బాగా అమరేది అందువల్లే.

రాగం మూర్ఛన ముందే చెప్పి పెడితే, దానికి తగ్గ తోడు తానే ఎంచుకునే తెలివైన హార్మనైజర్లు కూడా ఉన్నాయి. మన సంగీతానికి వాటికన్నా ఆ తెలివిలేని పెట్టే మేలని నా నమ్మకం. తోడి గాంధారాన్ని ఊపుతూ పలికిస్తే తీగ రిషభం దాకా వెళ్లి మధ్యమం వైపు లేస్తుంది. తెలివైన పెట్టె దాటిన ప్రతి స్థానం దగ్గరా తోడు మారుస్తుంది. ఇటు తీగ ఉయ్యాల ఊగుతుంటే అటు తోడు మెట్లెక్కి దిగుతుంటుంది. దూరం మార్చని పెట్టె మాత్రం ఉయ్యాలని ఉయ్యాలగానే పంచమం ఎత్తులో దించుతుంది.

పంచమమే ఎందుకు, గాంధారం తోడు పెట్టుకోకూడదా అంటే, తంబురా ఒప్పుకోదు. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుందాం. తంబురా మంద్ర తీగలో శ్రద్ధగా వింటే మోగే అంతర గాంధారం ఈ స్థాయికి 300. పెట్టె పన్నెండు సమభాగాల లెక్కన ఇచ్చే గాంధారం 302.4. ఆ రెండూ కలిస్తే సెకనుకి రెండు సార్లకి పైగా నాదం వణుకుతుంది. పంచమం అసలు లెక్క 360 అయితే, పెట్టె ఇచ్చేది 359.6. రెండున్నర సెకన్లకి ఒక్క అల. ఆ అల చెవికి హాయి. స్థాయి జరిపితే అదీ ఉండదు, సరిగ్గా రెట్టింపో సగమో.

ఇంకో మాట. పిచ్ షిఫ్టర్‌ని లూపర్‌కి ముందు కలపాలి. వెనక కలిపితే, అప్పటిదాకా పరుచుకున్న పొరలన్నీ ఒక్కసారిగా జరిగిపోతాయి, షడ్జంతో సహా.

ఇదంతా మాట్లాడుకున్నాక వాడు మళ్లీ మొదలెట్టాడు. ఎనిమిది సెకన్ల షడ్జం లూప్‌ని ఈసారి సగం వేగానికి దించాడు. అది పదహారు సెకన్లయింది, రెండు ఆవర్తనాలకి సరిపోయింది. షడ్జం మంద్రస్థాయికి దిగి గది నేలలో మోగింది. దాని మీద రిషభం, పంచమం, ధైవతం ఒక్కొక్కటీ తోడుతో పరిచాడు. గాంధారం వచ్చే ముందు కాలు పెడల్ మీంచి తీశాడు. కింద వంటింట్లోంచి అక్క, "ఎవర్రా ఇంకొకళ్లు వచ్చి వాయిస్తున్నారు?" అని కేకేసింది.

వాడు బదులు చెప్పలేదు. ఒంటి తీగ మీద గాంధారాన్ని మెల్లగా జారుస్తున్నాడు.